సారెలో వచ్చిన మట్టికుండ

అనగనగా ఒక ఊళ్ళో ఒక కొత్తకోడలు. ఊఁ కొట్టు మరి. కొట్టవా? అయితే ఆ కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది, కథ అయిపోయింది, పడుకో.

ఆఁ, అలా రా దారికి! ఇదిగో, కోడలు బండి దిగుతోంది. చూడు, చూడు.

ఆ కోడలి పేరు నూకాలు. ఇరవయ్యేళ్ళ పిల్ల. పుట్టిల్లు ఎర్రమెట్ట. కొండ కింద ఊరు. అక్కడ నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. అత్తారిల్లు కాలవపాలెం. అక్కడ ఇంటి ముందు కాలవ, ఇంటి వెనక కాలవ. పిల్లలకి నడకకంటే ముందు ఈత వస్తుంది. "మా కాలవ నీళ్ళు పోస్తే ఊతకర్ర కూడా చిగురేస్తుందండీ!" అని ఆ ఊరివాళ్ళు గొప్పలు పోయేవాళ్ళు. ఒక తాత ఆ మాట నమ్మి నిజంగానే ఊతకర్ర పాతి నీళ్ళు పోశాడట. అది చిగురెయ్యలేదు సరికదా, నడవడానికి కర్ర లేక ఆయన వారం రోజులు మంచం దిగలేదు.

నూకాలు పెళ్ళి మాఘమాసంలో అయింది. కోడలితోపాటు సారె వచ్చింది. సారె చూడ్డానికి వాడంతా వచ్చింది.

అరిసెల బుట్ట దించారు. "ఆహా!" అన్నారు. సున్నుండల బుట్ట దించారు. "ఓహో!" అన్నారు. ఆ తర్వాత ఒక కుండ దించారు. మూతి విరిగిన పాత కుండ. అందరూ లోపలికి తొంగిచూశారు.

మట్టి.

మొక్క లేదు. మొలక లేదు. గడ్డిపరక లేదు. ఉత్త ఎండు మట్టి!

"ఇదేంటే సత్తెమ్మా, మీ వియ్యపురాలు సారెలో మట్టి పంపించింది? మనూళ్ళో మట్టికి కరువొచ్చిందని ఎవరైనా చెప్పారా?" అంది ఎదురింటావిడ. వాడంతా పకపకా నవ్వింది.

సత్తెమ్మ అంటే నూకాలు అత్తగారు. పెద్ద బొట్టు, అంతకంటే పెద్ద గొంతు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఎవరినైనా పిలిస్తే, కాలవ అవతలి గట్టున మేసే గేదె కూడా 'నన్నేనేమో' అని తలెత్తేది. ఆవిడకీ నవ్వొచ్చింది. కానీ కోడలి మొహం చూసి నవ్వుని కొంగులో దాచేసుకుంది.

"ఏంటమ్మా అది?" అని మెల్లగా అడిగింది. మెల్లగా అంటే ఆవిడ మెల్లగా. నాలుగిళ్ళకి మాత్రమే వినిపించింది.

"దుంపండి, అత్తయ్యా. లోపల నిద్రపోతోంది. తొలకరికి లేచి పువ్వు పూస్తుంది. అప్పుడు మా అమ్మ వస్తుంది," అంది నూకాలు.

ఆ మాట వెనక ఒక ఆచారం ఉంది, విను.

ఎర్రమెట్టలో ప్రతి ఇంట్లోనూ దుంపపువ్వు ఉండేది. మీ బళ్ళో మే పువ్వు అంటారే, అదే. దుంప చూస్తే ఉల్లిపాయలా ఉంటుంది. చలికాలం రాగానే ఆకులన్నీ పండి రాలిపోతాయి. దుంప మట్టిలో ముసుగుతన్ని పడుకుంటుంది. మళ్ళీ వైశాఖంలో వాన పడితేనే లేస్తుంది. లేచి ఏడాదికి ఒక్కటంటే ఒక్క పువ్వు పూస్తుంది. కానీ ఆ ఒక్కటీ ఎంతుంటుందనుకున్నావ్? నీ తలకాయంత! ఎర్రగా, గుండ్రంగా, వంద చిట్టిపూలు కలిసి ఒకే బంతి అయినట్టు ఉంటుంది. పొద్దున్నే నీ జుట్టు ఉంటుందే, అచ్చం అలాగే నిక్కబొడుచుకుని ఉంటుంది. గిచ్చకు, ఉన్నమాటే అన్నాను.

ఆ ఊళ్ళో కూతురికి పెళ్ళయితే, అమ్మ తన తల్లిదుంప పక్కనుంచి ఒక పిల్లదుంపని విడదీసి, కుండలో పెట్టి, సారెలో పంపేది. ఆ పిల్లదుంప అత్తారింట్లో పువ్వు పూసిన కబురు అందాకే అమ్మ ఆ ఇంటి గడప తొక్కాలి. వచ్చి, పువ్వు చూసి, కూతుర్ని వెంటబెట్టుకుని ఆషాఢమాసానికి పుట్టింటికి తీసుకెళ్ళాలి. దుంప అక్కడ వేరు పట్టిందంటే పిల్లా వేరు పట్టినట్టే. అప్పటిదాకా అమ్మ ఊరికే వెళ్ళి కదపకూడదు. అదీ వాళ్ళ పెద్దల మాట.

మరి పువ్వు పూయకపోతే? అమ్మ రాదు. ఆషాఢం లేదు, పుట్టిల్లు లేదు. మళ్ళీ ఏడాది ఆగాలి.

ఏడాది! మీ అమ్మ పక్కవీధికి కొత్తిమీర కోసం వెళ్తేనే నువ్వు గుమ్మం పట్టుకుని రాగం తీస్తావు. నూకాలుకి ఏడాదట!

అందుకే బండి ఎక్కించేముందు వాళ్ళమ్మ అప్పాయమ్మ కూతురికి మూడు మాటలు చెప్పింది. "కుండ మార్చకు, ఇరుగ్గా ఉంటేనే దానికి ఇష్టం. నిద్రపోయే దుంపకి నీళ్ళు పోయకు, కుళ్ళిపోతుంది. తవ్వి చూడకు, నిద్ర చెడుతుంది."

నూకాలు ఆ మూడు మాటలూ మొగుడికి చెప్పింది. మొగుడి పేరు అబ్బులు. "కొత్తకోడల్ని, పెద్దవాళ్ళకి అది చెయ్యొద్దు ఇది చెయ్యొద్దు అని నేనెలా చెప్పనండీ? మీరే చెప్పండి," అంది.

"ఆయ్, నేను చెప్తాగా!" అన్నాడు అబ్బులు.

చెప్పాడా? నువ్వు హోంవర్కు చేస్తానని చెప్పినట్టే చెప్పాడు. 'ఆయ్' అన్నాడు, అరిసె తిన్నాడు, మర్చిపోయాడు.

అప్పుడు మొదలైంది తమాషా!

ముందు మావగారు. ఆయన పేరు వీర్రాజు. కంద పండించడంలో ఊరికి మొనగాడు. దుంప అన్న మాట వినపడితే చాలు, ఆయన మీసం దానంతటదే లేచేది. ఫాల్గుణమాసంలో ఒకరోజు ఆయన ఆ కుండ చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"అయ్యో అయ్యో! ఇంత చిన్న కుండలో దుంప ఊరేదెలా? మన అబ్బులు గాడికి ఉయ్యాలతొట్టి వేసి పడుకోమన్నట్టుంది," అన్నాడు.

అన్నవాడు ఊరుకోవచ్చుగా? గేదెలు కుడితి తాగే పాత తొట్టి దొర్లించుకొచ్చాడు. దాన్నిండా పశువుల ఎరువు పోశాడు. కుండలోంచి దుంపని తీసి అందులో పాతేశాడు. "చూడమ్మాయ్! ఇక కందగడ్డంత పువ్వు పూస్తుంది. మీ అమ్మ మోయలేక బండి కట్టించుకోవాలి!" అన్నాడు.

నూకాలు నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. మావగారు అంత సంబరపడుతుంటే ఏమంటుంది? మొగుడివైపు చూసింది. అబ్బులుకి అప్పుడు గుర్తొచ్చింది. నాలిక కరుచుకున్నాడు. ఇప్పుడు చెప్తే నాన్న తిడతాడని ఇంకా గట్టిగా కరుచుకున్నాడు.

ఆ తర్వాత అత్తగారు. సత్తెమ్మ మనసు వెన్న. చేతిలో మాత్రం ఎప్పుడూ చెంబు. కోడలు పొద్దున్నే ముగ్గు పెడుతూ పెడుతూ, ఎర్రమెట్ట దారి కేసి చూడ్డం ఆవిడ చూసింది. 'పాపం, పిల్ల బెంగపెట్టుకుంది. ఆ దుంపేదో తొందరగా లేస్తే బాగుణ్ణు' అనుకుంది.

కాలవపాలెం వాళ్ళకి తెలిసిన మందు ఒకటే. జ్వరమొస్తే తడిగుడ్డ. దెబ్బ తగిలితే చన్నీళ్ళు. ఏడుపొస్తే గ్లాసుడు మంచినీళ్ళు. మరి దుంప లేవకపోతే?

అవును. నీళ్ళే!

చైత్రమాసమంతా, కోడలు లేవకముందే సత్తెమ్మ లేచి, బియ్యం కడిగిన నీళ్ళు తొట్టిలో పోసేది. ఒకరోజు పప్పు కడిగిన నీళ్ళు. ఒకరోజు పల్చటి మజ్జిగ, మరీ ప్రేమ ఎక్కువై! ఎండలు ముదిరి కాలవలు కట్టేసి, ఊరంతా బిందెలు పట్టుకుని తిరుగుతుంటే, ఆవిడ తన స్నానంలో రెండు చెంబులు తగ్గించుకుని మరీ దుంపకి పోసింది. ఎవరికీ చెప్పలేదు. మొలక వచ్చాక చెప్పి కోడల్ని ఆశ్చర్యపరుద్దామని. పొద్దెక్కేసరికి ఎండకి పైమట్టి ఆరిపోయేది. నూకాలు వేలు పెట్టి చూసి, 'ఆఁ, పొడిగానే ఉంది' అనుకునేది.

మూడోవాడు అబ్బులు. చెప్పాల్సిన మాట చెప్పనివాడికి మనసు మనసులో ఉంటుందా? 'దుంప బాగుందా? బాగోలేదా? ఒక్కసారి చూస్తే పోలా?' అనుకున్నాడు. నూకాలు బట్టలుతకడానికి వెళ్ళినప్పుడు తొట్టి దగ్గర కూర్చున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. రెండు వేళ్ళతో తవ్వాడు. ఇంకొంచెం తవ్వాడు. మెత్తగా ఏదో తగిలింది. వేళ్ళు వాసన చూశాడు.

ఛీఛీఛీ! వారం కిందటి ముంజకాయ వాసన!

"నూకాలూ! దుంప కుళ్ళిపోతోందే!" అని కేకపెట్టుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు.

ఇల్లంతా వచ్చి తొట్టి చుట్టూ మూగింది. నూకాలు తడిబట్టలు అక్కడే పడేసి వచ్చింది. దుంపని పైకి తీసింది. ఒక పక్కంతా నల్లగా, జావలా ఉంది.

"చోటు చాలదని నేనేనమ్మా..." అన్నాడు వీర్రాజు.

"నీళ్ళు నేనేనే తల్లీ..." అంది సత్తెమ్మ. ఆ రోజు మాత్రం ఆవిడ గొంతు పక్కింటికి కూడా వినపడలేదు.

"నాకు ముందే తెలుసు. నేను చెప్పలేదు. పైగా తవ్వాను," అన్నాడు అబ్బులు.

అప్పుడు నూకాలు ఏడ్చిందనుకున్నావా? కుళ్ళుతున్న దుంప ముందు కూర్చుని ఏడిస్తే ఇంకో చెంబెడు నీళ్ళు పోసినట్టే కదా! ఏడవలేదు. కొంగు బిగించింది.

"తవ్వొద్దంది మా అమ్మ. కానీ మీరు తవ్వబట్టే సగం దక్కింది. కత్తి తేండి. పొయ్యిలో బూడిద తేండి. ఎవరూ మాట్లాడకండి!"

వీర్రాజు తనే వంటింట్లోకి పరిగెత్తి దోసిలితో బూడిద తెచ్చాడు. మీసం నిండా బూడిదే.

నూకాలు మెత్తబడ్డ చోటల్లా కోసేసింది. తెల్లగా, గట్టిగా కండ కనపడేదాకా కోసింది. కోసిన చోట బూడిద అద్దింది. సగం దుంప మిగిలింది. ఇక పది రోజులు నీడలో, గాలికి ఆరాలి. ఒక బుట్టలో పెట్టి వసారాలో ఉంచింది.

ఆ బుట్ట పక్కన ఏముందో తెలుసా? ఉల్లిపాయల బుట్ట.

నీకు తెలిసిపోయిందా? నోరు మూసుకో, నేను చెప్తాను!

నాలుగో రోజు సత్తెమ్మ పులుసు పెడదామని కత్తిపీట ముందేసుకుంది. నోటితో ఎదురింటావిడతో కబుర్లు, చేత్తో ఉల్లిపాయలు. వెనక్కి చూడకుండా చెయ్యి చాపేది, ఒకటి తీసేది, చరచరా తరిగేది. ఒకటి అయింది. రెండోది అయింది. మూడోది తీసింది.

"ఏంటో ఈ ఉల్లిపాయ! సగమే ఉంది, దానికి బూడిదొకటి. కోమటాయన ఈసారి పొయ్యిలోంచి తీసిచ్చినట్టున్నాడు," అంటూ కత్తికి ఆనించింది.

"అత్తా, ఆగు!"

ఇల్లదిరింది! కాలవ అవతలి గేదె తలెత్తి, సత్తెమ్మ కాదే, ఈ కొత్త గొంతు ఎవరిదా అని చూసింది. నూకాలు హడలిపోయి 'అండీ' అనడం కూడా మర్చిపోయింది. సత్తెమ్మ చేతిలో దుంప ఎగిరి, చద్దన్నం తింటున్న వీర్రాజు ఒళ్ళో పడింది.

"అది తినకూడదండీ అత్తయ్యా! విషం! వాంతులవుతాయి!" అంది నూకాలు, ఇప్పుడు అండీలన్నీ కలిపి. నువ్వు కూడా పూలదుంపలు ఏవీ నోట్లో పెట్టుకోకూడదు, సరేనా? అసలే కనపడిందల్లా నాకేరకం.

సత్తెమ్మ కాసేపు గుండెమీద చెయ్యేసుకుని కూర్చుంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "ఓసి నీ దుంపతెగ! ఇంత గొంతుందా నీకు? ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే? ఈ గొంతు మొదటిరోజే తీసుంటే నేను చెంబు ముట్టుకునేదాన్నా?"

నూకాలుకీ నవ్వొచ్చింది. ఆ రోజునుంచి ఆ పిల్ల తన మాట తనే చెప్పేది. అబ్బులు చేత చెప్పించడం మానేసింది. మంచిపనే చేసింది.

పది రోజులయ్యాక దుంపని మళ్ళీ ఇరుకు కుండలోనే పాతింది. దుంప మెడ మట్టిపైకి కనపడేటట్టు పెట్టింది. మీద తాటాకు ముక్క బోర్లించింది. "వాన పడేదాకా ఎవరూ దీని జోలికి రాకూడదు!" అంది. ఎవరూ రాలేదు. సత్తెమ్మకి మాత్రం తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదు. చెంబుని తాడుతో వంటింటి స్తంభానికి కట్టేసుకుంది.

వైశాఖం వచ్చింది. ఎండ! ఎండ! ఎండ! కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. నలుగురూ మెడలెత్తి ఆకాశం కేసి చూస్తున్నారు.

అప్పుడొకరోజు మధ్యాహ్నం వీర్రాజు, "మబ్బు! మబ్బు!" అని గంతేశాడు. ఈదురుగాలి వచ్చింది. మావిడికాయలు టపటపా రాలాయి. ఊళ్ళో అందరూ మావిడికాయల వైపు పరిగెత్తితే, ఈ ఇంటివాళ్ళు మాత్రం కుండ వైపు పరిగెత్తారు! తాటాకు తీసేశారు. కుండని వాకిట్లో పెట్టారు. చినుకు పడింది. దుంప మెడ మీద టప్‌మని పడింది!

"తాగవే తల్లీ, తాగు. ఇవి నేను పోసినవి కాదు, దేవుడు పోసినవి," అంది సత్తెమ్మ తడుస్తూ.

ఒక రోజు అయింది. ఏమీ లేదు. రెండు రోజులు అయింది. ఏమీ లేదు. మూడో రోజు పొద్దున్నే, దుంప మెడలోంచి ఒక చిన్న ముక్కు బయటికొచ్చింది. మచ్చలు మచ్చల ముక్కు!

"లేచిందీ!" అని అరిచింది సత్తెమ్మ. ఆ అరుపుకి కాలవపాలెం అంతా వచ్చేసింది.

"అయితే పువ్వొచ్చేసినట్టేనా?" అని అడిగింది ఎదురింటావిడ. మాఘంలో నవ్వినావిడే. ఇప్పుడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

"అప్పుడే చెప్పలేమండీ. ముక్కు విప్పుకున్నాక మొగ్గ కనపడితే పువ్వు. ముందు ఆకొచ్చిందంటే ఈ ఏడాదికి పువ్వు లేనట్టే," అంది నూకాలు.

అంతే! ఊరు రెండు ముక్కలైంది. "మొగ్గే! ఎర్రగా లేదూ?" అని ఒక జట్టు. "ఆకే! మొన చూడు, అరిటాకు సుడిలా లేదూ?" అని ఒక జట్టు. పాతిక ముంజలు పందెం! పిల్లలు చెట్లెక్కి చూస్తున్నారు. ముసలాళ్ళు మంచాలు తెచ్చి వాకిట్లో వేసుకున్నారు. ఊతకర్ర పాతిన తాత, "దానికి కాస్త మా కాలవ నీళ్ళు..." అనబోతే పదిమంది ఆయన నోరు మూశారు.

మొదటిరోజు ముక్కు వేలంతయింది. రెండోరోజు జానెడయింది. మూడోరోజు పొద్దెక్కుతుంటే అది మెల్లగా విప్పుకుంది. ఇంకొంచెం విప్పుకుంది.

ఆకు.

లేతగా, పచ్చగా, మెరుస్తూ ఒక ఆకు. దాని వెనకే ఇంకో ఆకు.

గెలిచిన జట్టు ముంజలు కూడా అడగలేదు.

"సగం దుంప కదండీ, పాపం. ఆకేసిందంటేనే గొప్ప," అంది నూకాలు. నవ్వే అంది. ఆ తర్వాత, గేదెకి గడ్డి వెయ్యాలని పెరట్లోకి వెళ్ళింది.

గడ్డి వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? సత్తెమ్మ వెళ్ళి తొంగిచూసింది. నూకాలు గేదె మెడ కావిలించుకుని, దాని చెవి పక్కన తలపెట్టి ఏడుస్తోంది. గేదె నెమరెయ్యడం మానేసి నిలబడి ఉంది.

సత్తెమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

"అబ్బులూ! బండి కట్టరా!"

"ఎక్కడికే?" అన్నాడు వీర్రాజు.

"ఎర్రమెట్టకి! పువ్వు పూయకపోతే వాళ్ళమ్మ మన గడప తొక్కకూడదు, అంతే కదా వాళ్ళ ఆచారం? అత్తగారు కోడల్ని తీసుకెళ్ళి పుట్టింట్లో దింపకూడదని ఎవరైనా అన్నారా?"

నూకాలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆలోచించింది. నిజమే! ఆ మాట ఎవరూ అనలేదు. ఏ అత్తగారూ కోడల్ని స్వయంగా పుట్టింట్లో దింపిన పాపాన పోలేదు కాబట్టి, వద్దని చెప్పాలని ఆ పెద్దలకి తట్టనేలేదు!

"ఆఁ, చూస్తావేం? ఆ కుండ కూడా తీసుకో. మీ అమ్మకి ఆకైనా చూపిద్దాం. తిడితే నన్ను తిడుతుంది. తిట్టించుకోవడం నాకు కొత్తా?" అంది సత్తెమ్మ.

బండి కదిలింది. అబ్బులు తోలుతున్నాడు. వెనక నూకాలు, ఒళ్ళో కుండ, కుండలో ఆకులు ఊగుతున్నాయి. సత్తెమ్మకి మాత్రం కాస్త సిగ్గేసింది. పిలవని ఊరికి వెళ్తున్నాం, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తే? అందుకని కొంగు తలమీంచి మొహం మీదికి లాక్కుని, మూటలా ముడుచుకుని కూర్చుంది.

సగం దారిలో లాకులున్నాయి. లాకుల మీద వంతెన. సన్నటి వంతెన. బండి వంతెన ఎక్కేసరికి అటువైపు నుంచి ఒకావిడ నడిచి వస్తోంది. తలమీద గంప. గంప మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ కూడా, ఎవరైనా చూస్తారేమోనని, కొంగు మొహం మీదికి లాక్కుంది. బండిని చూడగానే ఇంకా లాక్కుని పక్కకి ఒదిగింది.

బండిలో మూట అటు తిరిగింది. గంపావిడ ఇటు తిరిగింది. బండి ఆవిణ్ణి దాటిపోతోంది!

అయ్యో, దాటిపోతోంది! చక్రం సగం దాటింది!

అప్పుడు గాలికి గంప మీద గుడ్డ లేచింది. కుడివైపు ఎద్దుకి గంపలో ఎర్రగా ఏదో కనపడింది. అది ఊరుకుంటుందా? మెడ చాపి, ముక్కు గంపలో పెట్టేసింది.

"హై! హై! హై! నా పువ్వే! తీసై నీ మూతి! పెంచిందాన్ని నేను, తినేదానివి నువ్వా?" అని గంపావిడ ఒక్క అరుపు అరిచింది.

నూకాలు ఆ గొంతు విన్నది. ఆ గొంతు తనదే కదా, కాస్త పెద్దదయిందంతే.

"అమ్మా!"

బండి ఆగకముందే దూకేసింది. కుండ అబ్బులు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. అమ్మాకూతుళ్ళిద్దరూ వంతెన మధ్యలో ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు. ముందు ఏడ్చారు, ఆ తర్వాత నవ్వారు, ఆ తర్వాత రెండూ కలిపి చేశారు.

అప్పుడు సత్తెమ్మ కొంగు తీసింది. అప్పాయమ్మ కూడా కొంగు సర్దుకుంది. వియ్యపురాళ్ళిద్దరూ దొంగతనం చేస్తూ దొరికినట్టు చూసుకున్నారు.

"ఎక్కడికి వదినా, ఇలా?" అంది సత్తెమ్మ.

"ఎక్కడికీ లేదు వదినా. ఊరికే... మొక్కుంటేనూ. మరి మీరో?"

"మేమా? మేమూ ఊరికే... సంతకి."

"ఇవాళ మంగళవారం. సంత ఆదివారం కదా?"

"మీ మొక్కు పువ్వు కాలవపాలెం దారిలో ఏ గుళ్ళో ఇస్తారు? అటు గుడే లేదు కదా?"

ఇద్దరూ ఒక్కసారే నవ్వేశారు. లాకుల దగ్గర నీళ్ళకోసం వచ్చిన కొంగలన్నీ లేచిపోయాయి.

అప్పాయమ్మ గంప దించి గుడ్డ తీసింది. అందులో కుండ. కుండలో దుంపపువ్వు! ఎర్రగా, ఇంత బంతి! "నా కుండ పూసి నాలుగు రోజులైంది. మీ దగ్గర్నుంచి కబురు లేదు. నాలుగు రోజులూ దారి మీదే కూర్చున్నాను. ఇక ఆగలేకపోయాను వదినా. మీ ఇంట్లో పువ్వుంటేనే గడప తొక్కాలన్నారు గానీ, పూసిన పువ్వుని నేనే తెచ్చి పెట్టకూడదని ఎవరూ అనలేదుగా?"

"అబ్బో! నేనొక్కదాన్నే గడుసుదాన్ననుకున్నాను," అంది సత్తెమ్మ.

నూకాలు తన కుండ చూపించింది. అప్పాయమ్మ ఆకు నిమిరింది. దుంప మెడ నొక్కి చూసింది. కోసిన గుర్తు కనపడింది. కూతురి మొహంలోకి చూసింది. అబ్బులు ఎద్దు వెనక దాక్కున్నాడు.

"బాగా బతికించావే," అంది. "ఈ ఆకులు వానాకాలమంతా ఎండ తిని, దుంపకి పెడతాయి. చలికాలానికి దుంప నిండుతుంది. కార్తీకంలో ఆకులు పండితే కంగారుపడకు, నీళ్ళు ఆపెయ్యి. వచ్చే వైశాఖానికి పూస్తుంది."

"నీళ్ళు నేను పోయను. ప్రమాణం!" అంది సత్తెమ్మ, ఎవరూ అడక్కుండానే.

ఇప్పుడొక చిక్కొచ్చింది. బండి ఎటు వెళ్ళాలి? "మా ఇంటికి రండి," అంది అప్పాయమ్మ. "కాదు, మీరే రావాలి," అంది సత్తెమ్మ. "మీ ఇంట్లో పువ్వు పూయలేదు కదా, ఆకు చూశాక కూడా ఎలా తొక్కను? నలుగురూ ఏమంటారు?" అని అప్పాయమ్మ వెనకాడింది. అప్పటిదాకా గంప నెత్తినపెట్టుకుని అంత దూరం నడిచిన మనిషికి, సరిగ్గా అప్పుడే భయమేసింది.

సత్తెమ్మ ఏం చేసిందో తెలుసా? అప్పాయమ్మ గంపలోంచి పువ్వున్న కుండ తీసింది. తీసుకెళ్ళి బండిలో, నూకాలు కుండ పక్కన పెట్టింది.

"ఈ బండి ఎవరిది వదినా? మాది. మా బండిలో పువ్వుందా? ఉంది. బండి మా ఇల్లయితే, ఇదిగో, ఈ బండి అంచే మా గడప. కుడికాలు పెట్టి తొక్కండి!"

అప్పాయమ్మ కూతురి కేసి చూసింది. నూకాలు చెయ్యి చాపింది, అంతే.

అప్పాయమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. కుడికాలు పైకెత్తింది. బండి అంచు మీద పెట్టింది. తొక్కింది!

అప్పుడు అబ్బులు, "హేయ్!" అని ఎద్దుల్ని అదిలించాడు. ముందు కాలవపాలెం వెళ్ళారు, మూడు రోజులున్నారు. ఆ తర్వాత ఎర్రమెట్ట వెళ్ళారు, ఆషాఢం వెళ్ళేదాకా అక్కడే ఉన్నారు. సత్తెమ్మ కూడా ఉంది! తిరిగి రమ్మని వీర్రాజు రెండుసార్లు కబురు పెట్టాల్సి వచ్చింది, కోడలి కోసం కాదు, పెళ్ళాం కోసం.

పువ్వా? పూసింది. మరుసటి ఏడాది వైశాఖంలో పూసింది. సగం దుంప నిండు దుంపై, పక్కన ఇంకో పిల్లదుంప కూడా పెట్టింది.

ఎర్రమెట్టలో ఇప్పుడు కూడా కూతురికి సారెలో మట్టికుండే పంపుతారు. ఆచారం మాత్రం కాస్త మారింది. పువ్వు పూస్తే అమ్మ వస్తుంది. ఆకు వస్తే అత్త తీసుకొస్తుంది.

దుంప దిగె మట్టిలోకి,
చినుకు జారె దుంపలోకి,
అమ్మ ఎక్కె బండిలోకి,
కథ నడిచె కంచిలోకి,
మనం దూకుదాం నిద్దట్లోకి!